పరదోషాన్వేషణ నుండి ఆత్మవిచారం వరకు

పరుల దోషాలను పసిగట్టే ప్రజ్ఞ లోకంలో సులభంగానే లభిస్తుంది. తన చిత్తంలోని దోషాన్ని దర్శించే ప్రజ్ఞ దుర్లభం. అగాథా క్రిస్టీ సృష్టించిన అపరాధ పరిశోధకుడు హెర్క్యూల్ పాయిరో జీవితకథలో మొదటి ప్రజ్ఞ ఆద్యంతం ప్రకాశిస్తుంది. రెండవది అంత్యకాలంలో మాత్రమే ఉదయిస్తుంది.

1920లో వెలువడిన తొలి నవలలో పాయిరో, మొదటి ప్రపంచయుద్ధ సమయంలో ఇంగ్లండుకు చేరిన బెల్జియం శరణార్థి. అంతకు పూర్వం పోలీసు అధికారి. పొట్టివాడు, మీసకట్టుపై అమిత మమకారం, ఏ వస్తువు క్రమం తప్పినా సహింపలేని స్వభావం. పాదముద్రల వెంట పరుగులెత్తడం కంటె, కూర్చుండి మనుష్యుల మనోవ్యాపారాన్ని మథించడమే అతని మార్గం. తన మేధాశక్తిని తానే ప్రశంసించుకోవడానికి ఏనాడూ సంకోచింపలేదు. బుద్ధి తీక్ష్ణం, దానిని అంటిపెట్టుకొన్న అహంకారమూ తీక్ష్ణమే.

అతని అంతిమగాథ ‘కర్టెన్’. రెండవ ప్రపంచయుద్ధ కాలంలోనే రచించి భద్రపరచిన ఈ నవల 1975లో ప్రచురితమైంది. ఆ సందర్భంలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ కల్పిత పాత్రకు మొదటి పుటలో మరణవార్త ప్రకటించింది. తొలి కథ జరిగిన స్టైల్స్ భవనంలోనే ఇదీ జరుగుతుంది. వృద్ధుడు, హృద్రోగపీడితుడు అయిన పాయిరో అక్కడికి నార్టన్ అనే వ్యక్తి నిమిత్తమై వస్తాడు.

నార్టన్ స్వహస్తంతో ఎవరినీ వధింపలేదు. ఎదుటివాని హృదయంలో నిద్రాణమైన ద్వేషబీజాన్ని గుర్తించి, మెత్తని మాటలతో దానికి నీరు పోస్తాడు. హత్య మరొకరు చేస్తారు. ఉద్వేగం కలిగించని వాక్కును గీత వాఙ్మయ తపస్సుగా కీర్తించింది. నార్టన్ జీవితం ఆ తపస్సుకు సంపూర్ణ విపర్యయం. పాయిరో ప్రియమిత్రుడు, సాధుస్వభావుడైన హేస్టింగ్స్ కూడా ఆ మాటల ప్రభావంలో ఒకనికి విషమివ్వడానికి సిద్ధపడతాడు. పాయిరో మిత్రుని పానీయంలో నిద్రమందు కలిపి ఆ పాతకాన్ని తప్పిస్తాడు.

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, నలుగురూ కర్మఫలంలో సమభాగులని మన పెద్దల మాట. కాని సాక్ష్యం మిగల్చని ప్రేరణను న్యాయస్థానం శిక్షింపలేదు. అందువల్ల, జీవితమంతా హత్యను గర్హించిన పాయిరో, నార్టన్‌ను తానే కాల్చి చంపుతాడు.

ఇది ధర్మసమ్మతమా? దుష్టశిక్షణ అని కొందరు సమర్థింపవచ్చు, అర్జునుని ఉదాహరింపవచ్చు. కాని అర్జునుడు ఉభయసేనల సమక్షంలో, ఆయుధం ధరించిన వీరులపై గాండీవం ఎత్తినవాడు. పాయిరో నార్టన్‌కూ నిద్రమందే ఇచ్చాడు. స్పృహలేని వానిని రహస్యంగా వధించాడు. నిద్రించువారిపై శస్త్రం ఎత్తినవాడు భారతంలో అశ్వత్థామ. మిత్రుని రక్షించిన ఉపాయమే ఇక్కడ వధకు సాధనమైంది. కనుక ఆ కర్మను నిర్దోషమనడం సాధ్యం కాదు.

అయితే అశ్వత్థామ తన కృత్యానికి గర్వించాడు. పాయిరో గర్వింపలేదు. అతని మరణానంతరం హేస్టింగ్స్‌కు అందిన లేఖలో, తాను చేసినది న్యాయమో కాదో తనకు తెలియదని వ్రాశాడు. ఇంతకాలం సర్వమూ తెలుసునన్న నిశ్చయంతో జీవించాననీ, ఇప్పుడు పసివానివలె వినమ్రుడనై తెలియదంటున్నాననీ ఒప్పుకొన్నాడు. హృద్రోగ ఔషధాన్ని శయ్యకు దూరంగా జరిపి, తన్ను తాను భగవంతుని చేతుల్లో విడిచిపెట్టాడు. అది ప్రాయశ్చిత్తమా, ఆత్మఘాతమా అన్న ప్రశ్నకు కూడా నిశ్చితమైన సమాధానం లేదు.

ఎందరి అపరాధాలనో నిర్ధారించిన బుద్ధి, తన కర్మ ఎదుట తీర్పరి స్థానం నుండి దిగివచ్చింది. ఆ లేఖ కర్మఫలాన్ని తుడిచివేయదు. కర్తృత్వ గర్వాన్ని మాత్రం సడలిస్తుంది. పరుల దోషాలను నిత్యం లెక్కించే సాధకునికి ఆత్మవిచారం ఆరంభమయ్యేది అక్కడే. పాయిరోకు ఆ ఆరంభం చివరి రాత్రి లభించింది. అంతవరకు వేచియుండవలసిన అగత్యం సాధకునికి లేదు.