పెన్‌పహాడ్ నుంచి ఫతే మైదాన్ దాకా

పెన్‌పహాడ్ మండలంలో వరి కోతలు ముగిసి పొలాలు ఆరగానే పిల్లలకు ఆటస్థలం దొరుకుతుంది. అస్ర్ నమాజు తరువాత మగ్రిబ్ అజాన్ వరకు మా విద్యార్థులు అక్కడే ఉంటారు. ఒకవైపు గట్టు, ఒకవైపు కాలిబాట, మరొకవైపు ఎవరిదో పత్తిచేను. గట్టు దాటితే నాలుగు పరుగులు. చేనులో పడితే కొట్టినవాడు ఔట్. బంతి వెదికి తెచ్చే పని కూడా వాడిదే.

మేము ఆటగాళ్ళం కాము. కానీ ఏళ్ళ తరబడి వారసత్వ పంపకాల శాస్త్రం బోధిస్తున్నవారికి నేల కొలతల మీద ఆసక్తి సహజం. ఈసారి మదర్సా సెలవులలో హైదరాబాదు వెళ్ళివచ్చిన ప్రయాణంలో మైదానాలను ఆ దృష్టితోనే చూశాము.

క్రికెట్ పిచ్ పొడవు ఎక్కడైనా 22 గజాలే. అంతర్జాతీయ పోటీలలో బౌండరీ మాత్రం పిచ్ మధ్య నుంచి 65 గజాలకు తగ్గకుండా, 90 గజాలకు మించకుండా ఎంతైనా ఉండవచ్చు. చుట్టూ 65 గజాలే అనుకొని లెక్క వేస్తే సుమారు రెండెకరాల ముప్పై గుంటలు వచ్చింది; 90 గజాలకైతే అయిదెకరాల పది గుంటలు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా తలపెట్టిన క్రీడా ప్రాంగణాలకు స్థలం దొరికినచోట ఒక ఎకరం ఇచ్చారు, దొరకనిచోట అంతకన్నా తక్కువ. అంటే అందులో క్రికెట్ ఇమడదు. ఖోఖో ఇముడుతుంది, వాలీబాల్ ఇముడుతుంది, కబడ్డీ హాయిగా ఇముడుతుంది.

హైదరాబాదులో మొదట బషీర్‌బాగ్ వెళ్ళాము. 1687లో గోల్కొండ ముట్టడి నాడు మొగలు సేనలు విడిది చేసిన స్థలమని, అందుకే ఫతే మైదాన్ అనే పేరు వచ్చిందని చెబుతారు. 1967 నుంచి అది లాల్ బహదూర్ స్టేడియం. 1955 నవంబరులో ఇక్కడ జరిగిన తొలి టెస్టులో న్యూజిలాండ్‌పై భారత జట్టుకు నాయకుడు మన హైదరాబాదీ గులామ్ అహ్మద్. భారతీయుడు టెస్టులలో చేసిన మొదటి ద్విశతకం, పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు, ఆ ఆటలోనిదే. చుట్టూ నగరం కమ్ముకొన్న ఆ మైదానానికి పెరిగే చోటు లేదు. 2005 నుంచి అంతర్జాతీయ పోటీలు ఉప్పల్‌కు తరలాయి. ఉప్పల్ విశాలమైనదే, సౌకర్యాలూ ఎక్కువే. మా మనసు మాత్రం బషీర్‌బాగ్‌లోనే నిలిచింది.

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బంధువుల పిల్లలు అక్కడి బేస్‌బాల్ గురించి చెప్పినప్పుడు మాకు మా గట్టు, పత్తిచేను గుర్తుకు వచ్చాయి. ఆ ఆటలో ఆటగాడు చుట్టివచ్చే నాలుగు స్థానాల మధ్య దూరం తొంభై అడుగులు. ఇది ఎక్కడా మారదు. ఆ చతురస్రం 900 చదరపు గజాలు, ఏడున్నర గుంటల లోపే. దాని అవతల ఒక్కొక్క ఊరిది ఒక్కొక్క తీరు. బోస్టన్‌లో 1912 నాటి ఫెన్‌వే పార్కుకు ఎడమవైపు వీధి అడ్డువచ్చింది. గోడ 310 అడుగుల దూరంలోనే నిలిచిపోయినందున దానిని ముప్పై ఏడడుగులకు పైగా ఎత్తు లేపారు. లాస్ ఏంజెలెస్‌లో 1962 నాటి డాడ్జర్ స్టేడియం రెండు పక్కలా సరిసమానంగా 330 అడుగులు. 1958 తరువాత కట్టేవాటికి పక్కల 325, మధ్యన 400 అడుగులైనా ఉండాలని నియమం చేశారు. అయినా 2009లో తెరిచిన న్యూయార్క్ యాంకీ స్టేడియంలో కుడివైపు 314 అడుగులే!

తిరుగు ప్రయాణంలో సూర్యాపేటలో దిగాము. కబడ్డీ కోర్టు పురుషులకు 13 మీటర్లు, 10 మీటర్లు. మహిళలకు 12, 8. రెండవది మన లెక్కలో ఒక గుంట కూడా నిండదు. ఆడపిల్లల బడికి ఒక గుంట నేల దొరకదని చెప్పేవారిని చూస్తే మాకు ఆశ్చర్యం కలుగుతుంది. శక్తిని బట్టి హద్దు మార్చడం కొత్త సంగతి కాదు. దైవప్రవక్త (స) మదీనాలో గుర్రపు పందేలు జరిపించినప్పుడు తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు, అంటే అయిదారు మైళ్ళు, తర్ఫీదు లేనివాటికి అక్కడి నుంచి బనూ జురైఖ్ మసీదు వరకు, అంటే ఒక్క మైలు, హద్దు పెట్టారు. ఇబ్నె ఉమర్ (రజి) తెలిపిన ఈ విషయం బుఖారీలో ఉంది.

ఈ పట్టణంలోనే 2021 మార్చి 22న 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం నాడు తాత్కాలికంగా కట్టిన ప్రేక్షకుల గ్యాలరీ ఒకటి కూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. ఆట చూద్దామని ఇంటి నుంచి బయలుదేరినవారు ఆసుపత్రి చేరారు. కోర్టు గీతను అంగుళం తేడా రాకుండా టేపు పట్టి గీస్తాము. ఆ గీత బయట వేలమంది కూర్చునే మెట్లను ఎవరు కొలవాలి? కర్ర ఎంత మందం, ఒక్కొక్క మెట్టు ఎందరిని మోయగలదు, దిగే దారులు ఎన్ని? పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళే ప్రతి తండ్రికీ ఇది అడిగే హక్కు ఉంది. అడిగితే నవ్వుతారేమోనని మనమే ఊరుకుంటాము.

రాబోయే వార్షికోత్సవంలో మా విద్యార్థుల కబడ్డీ పోటీ ఉంది. సరుగుడు బొంగులతో మెట్లు కట్టిస్తామని కొందరు పెద్దలు ఆప్యాయంగా ముందుకు వచ్చారు. మేము వద్దన్నాము. చూసేవారు కోర్టు గీతకు నాలుగు గజాల ఎడంగా చాపల మీద కూర్చుంటారు. వృద్ధులకు మసీదు నుంచి కుర్చీలు తెప్పిస్తున్నాము.