మా జేబులో కంప్యూటరు

మాలో ఒకరిది మదనపల్లె, ఒకరిది పుంగనూరు, ఇంకొకరిది కుప్పం. మూడిళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. పీజీ ప్రాజెక్టు టైపు చేయడానికి ముగ్గురికీ కలిపి ఒక్క కంప్యూటరు లేదు. నెట్ సెంటర్లో ఫైలు పెట్టి వస్తే మరునాటికి ఉంటుందో ఉండదో! విండోస్ పాడైతే నింద మా మీదే.

అందుకే లినక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాం. దీన్ని 1991లో మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో విద్యార్థి. అప్పటికాయన వయసు 21, మాకన్నా చిన్న! రూపాయి కట్టనక్కరలేదు.

రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 16 జీబీ డ్రైవులోకి లుబుంటు ఎక్కించాం. డ్రైవులోని పాత ఫైళ్లు చెరిగిపోతాయి, ముందే దాచుకోవాలి. 'పర్సిస్టెంట్' చోటు కేటాయిస్తేనే టైపు చేసింది నిలుస్తుంది. లేకుంటే ఆపగానే గోవిందా! కంప్యూటరు ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కి డ్రైవును ఎంచుకోవాలి. కొన్నింటిలో ఆ మీట ఎఫ్9, లేదా ఎస్కేప్. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 'ఇన్‌స్టాల్' జోలికి మాత్రం పోవద్దు. అక్కడ డిస్కంతా తుడిచేసే దారి ఒకటుంది.

నెట్ సెంటర్ అన్న మొదట ఒప్పుకోలేదు, వైరస్ అన్నాడు. డ్రైవు తీసి మళ్లీ ఆన్ చేశాం. ఆయన విండోస్ ఎప్పటిలాగే లేచింది. "సరే, ఆ మూలది తీసుకోండి" అన్నాడు. అది విండోస్ 11 ఎక్కని పాతది. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. ఆ మూలదాని మీదే రెండు ప్రాజెక్టులు పూర్తయ్యాయి.

ఇప్పుడా డ్రైవు బస్సులో కుప్పం చేరింది. నకలు మదనపల్లెలో ఉంచాం. మూడో ప్రాజెక్టుకు ఇంకా రెండు అధ్యాయాలున్నాయి.