గుప్పెడు బియ్యం

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో 'ఎలా ఉన్నారు?' అని అడిగితే 'దేవుని కృప, బాగున్నాం' అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఇంట్లో జ్వరమొచ్చినా అదే మాట, అమ్మాయికి సంబంధం కుదిరినా అదే మాట. అందరి నోళ్లలో నాని నాని ఆ మాట కాస్త పలచబడిపోయిందేమో అని కూడా అనిపిస్తుంది. కానీ ఒక్కో ఇంట్లో ఆ ఒక్కమాట అనడానికి గొంతు పెగలని రోజులూ వస్తాయి.

ఒంగోలుకు దగ్గర్లోని ఓ పల్లెలో ఉండే ఆవిడకి అలాంటి ఏడాది ఒకటి గడిచింది.

ఆవిడ జాకెట్లు కుడుతుంది. భర్త లారీ డ్రైవరు. ఇద్దరు పిల్లలు. ఏటా డిసెంబరు 31 రాత్రి చర్చిలో ఆరాధన ఉంటుంది. పన్నెండు కొట్టగానే అందరూ వరసగా వెళ్లి పళ్లెంలోంచి ఒక్కో వాగ్దాన కార్డు తీసుకుంటారు. చిన్న అట్టముక్క, దాని మీద ఓ బైబిలు వచనం. ఆ ఏడాదంతా అది ఆ ఇంటి సొత్తు. జాతకం చీటీ తీసినట్టు వాక్యాన్ని తీయకూడదని కోప్పడే పాస్టర్లూ లేకపోలేదు. అయినా తీసేవాళ్లు తీస్తూనే ఉంటారు. ఆవిడకి ఆసారి 121వ కీర్తనలోది వచ్చింది. అడుగు తడబడకుండా కాచేవాడు ఒకడున్నాడని ధైర్యం చెప్పే వచనం. రోడ్ల మీద తిరిగే మనిషికి ఇంతకంటే ఏం కావాలి! లారీలో స్టీరింగు ముందు అంటించింది.

ఫిబ్రవరిలో లారీ బోల్తాపడింది. ఆయన కుడికాలు రెండుచోట్ల విరిగింది.

ఆపరేషను, రాడ్డు, ఆస్పత్రిలో మూడు వారాలు. ఆవిడ మెళ్లో గొలుసు తాకట్టుకి వెళ్లింది. చూడటానికి వచ్చినవాళ్లలో ఒకాయన మంచం పక్కన కూర్చుని, 'విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండుంటుంది, సరిచూసుకోండమ్మా' అని చెప్పి పండ్లు పెట్టి వెళ్లాడు. యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు చేసిందీ ఈ పనే. కాకపోతే వాళ్లు నోరు విప్పేముందు ఏడురోజులు మాట్లాడకుండా కూర్చున్నారు. ఈయనకి ఏడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆవిడ బదులు చెప్పలేదు. రాత్రిపూట పిల్లల చేత ప్రార్థన చేయించేది. తనూ కళ్లు మూసుకునేది. మాటలు మాత్రం వచ్చేవి కావు.

ఇక్కడ గుప్పెడు బియ్యం సంగతి చెప్పాలి. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఓ గుప్పెడు తీసి విడిగా దాచడం చాలా తెలుగు సంఘాల్లో ఆడవాళ్లకి అలవాటు. ఆదివారం వాటిని సంచిలో పోసి చర్చికి తీసుకెళ్తారు. చేతిలో రూపాయి ఆడని ఇల్లాలు కూడా తలవంచుకోకుండా ఇవ్వగలిగిన కానుక అది. ఆవిడ వాటిని పాత హార్లిక్స్ సీసాలో పోసేది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ సీసా జోలికి మరో పనికి పోయింది లేదు.

ఏప్రిల్లో ఓ రాత్రి డ్రమ్ములో బియ్యం అయిపోయాయి. కోటా బియ్యం రావడానికి ఇంకా మూడురోజులుంది. చేబదులు అడగదగ్గ ఇళ్లన్నీ అప్పటికే అయిపోయాయి. సీసాలో మాత్రం ముప్పావు వంతు బియ్యం ఉన్నాయి. ఆవిడ సీసా దించింది, మూత తీసింది, మళ్లీ పెట్టింది. పిల్లలు చూస్తున్నారు. చివరికి ఎసట్లో పోసేసింది. అందరికీ వడ్డించి, తను మాత్రం మంచినీళ్లు తాగి పడుకుంది.

ఆదివారం ఖాళీ సంచితో వెళ్లి, పాస్టరుగారి భార్యను పక్కకి పిలిచింది. 'అమ్మగారూ, దేవుడి బియ్యం తినేశాం' అంది.

'బీదవాళ్లకు పెట్టడానికేగా మనం తీసేది? ఈ వారం మీరే బీదలు. చేరాల్సిన చోటికే చేరాయి' అన్నారావిడ. దావీదు ఆకలేసినప్పుడు దేవుడి ముందు పెట్టిన రొట్టెలే తిన్నాడనీ, యేసు ఆ సంగతి చెప్పాడే తప్ప తప్పుపట్టలేదనీ గుర్తుచేశారు. అంతలో ఆగి, 'ఇంతకీ నువ్వు తిన్నావా?' అని అడిగారు.

కాలు విరిగిన రోజున కూడా రాని ఏడుపు అప్పుడొచ్చిందట. సాయంత్రానికి ఆ వారం సంఘంలో పోగైన గుప్పెళ్లలోంచి అరబస్తా బియ్యం ఇంటికొచ్చాయి.

ఆ తర్వాత అద్భుతాలేం జరగలేదు. లారీ మెకానిక్ సాయిబు రెండు నెలలు కరెంటు బిల్లు కట్టాడు. ఎదురింటివాళ్లు దసరాకి అవసరం లేకపోయినా నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టించుకున్నారు. ఆయన లేచి నడిచాడు, కానీ కాలు అంగుళం పొట్టయింది. లారీ ఇక నడపలేడు. ఊరి చివర పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు.

మళ్లీ డిసెంబరు 31 వచ్చింది. పాస్టరుగారు ఆ రాత్రి ఒంగోలు కొండ కథ చెప్పారు. తెలుగు మిషన్ను మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ నడిచింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు క్రైస్తవులు కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, అక్కడికి చేరింది 1866లో. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ పని కొంత మేర కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకి కూలి దొరికేలా చేశారు. తిండికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ కథ చెప్పేవాళ్లంతా ఆ అంకె దగ్గరే గొంతు పెంచుతారు. ఆవిడ మాత్రం కొండ దిగి వచ్చిన మర్నాటి దగ్గరే ఆగిపోయింది. పన్నెండేళ్లు! ఐదో ఏడు వాళ్లలో వాళ్లు ఏమనుకుని ఉంటారు? ఎనిమిదో ఏడు?

తర్వాత సాక్ష్యాలు. ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఇంకొకరికి మనవడు పుట్టాడు. ఆవిడ లేస్తుందని ఎవరూ అనుకోలేదు. లేచింది.

'మా ఆయన కాలు బాగవ్వాలని అడిగాను. పూర్తిగా బాగవ్వలేదు. కార్డులో ఉన్నట్టు ఎందుకు జరగలేదో నాకు తెలీదు. కానీ మా ఇంట్లో పిల్లలు పస్తు పడుకున్న రాత్రి ఒక్కటీ లేదు' అంది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం తెరిచింది. ఒకవైపు భుజం, నడుం కొలతలు, ఇంకోవైపు ఎవరెవరు ఏమిచ్చారో తేదీలతో సహా. 'ఇవన్నీ అప్పులనుకుని, తీర్చాలని రాసుకున్నాను' అని ఒక్కో పేరూ చదివింది. మెకానిక్ సాయిబు పేరు కూడా. హల్లెలూయ అనాలో వద్దో తెలియక జనం అలాగే కూర్చుండిపోయారు.

పన్నెండు కొట్టింది. పళ్లెం వచ్చింది. ఆవిడ ఓ కార్డు తీసి, చూడకుండానే బైబిల్లో పెట్టుకుంది. చర్చి మెట్ల దగ్గర ఆయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

'ఏమొచ్చింది?' అని అడిగాడు.

'ఇంటికెళ్లి చూద్దాంలే. ముందు మెట్టు చూసుకోండి' అంటూ చెయ్యి అందించింది.