పిళ్ళైచావడిలో హెర్క్యులీస్

ఈ సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి ఇంటికి రాలేకపోయినందున మేమే పుదుచ్చేరి ప్రయాణమయ్యాము. ఆమె కాలాపేటలోని విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం చదువుతున్నది. ఉదయం పట్టణానికి దక్షిణాన గల అరికమేడు చూశాము. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకాలు జరిపించిన చోటు అదే. మధ్యధరా తీరం నుండి మద్యం నింపుకొని వచ్చిన మట్టికూజాల పెంకులు అక్కడ దొరికాయి. గ్రీకు నావికుడొకడు తన గ్రంథంలో పేర్కొన్న పొదుకే రేవు ఇదేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆ గ్రీకు ముచ్చట సాయంత్రం వరకు మమ్ములను విడువలేదు.

సాయంకాలం తూర్పుతీర రహదారి దాటి పిళ్ళైచావడి అను జాలరి గ్రామానికి నడిచాము. చావడి మనకూ ఉన్న మాటే గనుక పేరు పరాయిగా తోచలేదు. ఊరు మాత్రం నేను ఊహించిన విధంగా లేదు. ఇసుక ఉండవలసిన చోట నల్లని బండలు. వాటి వెనుక సగం గోడలతో మిగిలిన ఇళ్ళు. 2022 డిసెంబరు నాటి మాండూస్ తుపానుకు ఇక్కడ కొన్ని ఇళ్ళు కూలిపోయాయి. ఒక గోడకు అలమర అరలు ఇంకా ఉన్నవి, గది లేదు. వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు నాకు తెలిసిన కొద్దిపాటి తమిళానికి ఓర్చుకొని మాట్లాడారు. "చిన్నప్పుడు ఇంటి నుండి నీళ్ళదాకా నడిస్తే మధ్యలోనే అరికాళ్ళు కాలిపోయేవి సార్" అన్నారు.

కారణం ఇంజనీరుకు అర్థం కానిది కాదు. ఈ తీరం వెంబడి ఇసుక కూడా నదివలె ప్రవహిస్తుంది. సంవత్సరంలో అధికభాగం ఉత్తరం వైపు. 1980ల చివర అరియాంకుప్పం నది ముఖద్వారంలో రేవు కొరకు రెండు బ్రేక్‌వాటర్లు కట్టగా, ఇసుక దక్షిణాన ఆగి, ఉత్తరాన తీరం కోసుకుపోవడం మొదలైనది. ఆగిన ఇసుకను తోడి ఆవలికి చేర్చవలెనన్నది తొలి రూపకల్పనలోనే ఉన్నది. ఆ పని క్రమంగా సాగలేదు. పట్టణాన్ని కాపాడుటకు బండలు పోశారు. కోత పై ఊరికి జరిగింది. అక్కడా పోశారు. మరింత పైకి జరిగింది.

"ఇది హైడ్రా కథ నాన్నా!" అన్నది మా అమ్మాయి.

హెర్క్యులీస్ అన్నది రోమనులు పలికిన పేరు. గ్రీకులకు అతడు హెరాక్లీస్. హీరా దేవత కలిగించిన ఉన్మాదంలో కన్నబిడ్డలనే చంపుకొని, ఆ పాపపరిహారార్థం యూరిస్థియస్ అను రాజు వద్ద ఊడిగానికి కుదిరాడు. రెండవ పని లెర్నా చిత్తడిలోని తొమ్మిది తలల సర్పాన్ని వధించడం. ఒక తల తెగితే రెండు మొలిచేవి. చాలదన్నట్లు ఒక పీత కాలు పట్టుకొన్నది. సోదరుని కొడుకు అయొలాస్ కాగడాతో తెగిన మెడలను వెంటవెంటనే కాల్చాడు. అప్పుడు గాని మొలకలు ఆగలేదు. చావులేని ఒక్క తలను మాత్రం పాతి, పైన పెద్ద బండ పెట్టారు. ఆ బండ మాట వినగానే ముగ్గురం సముద్రం వైపు చూశాము.

నన్ను ఎక్కువ ఆకర్షించినది అయిదవ పని. ఆజియస్ రాజు పశువులశాలలో పేరుకున్న పెంటను ఒక్క రోజులో తీసివేయవలె. హెరాక్లీస్ పార పట్టలేదు. ఆల్ఫియస్, పెనియస్ నదులను మళ్ళించి కడిగించాడు. తీరా లెక్క చూసేటప్పుడు యూరిస్థియస్, సర్పం పని సహాయంతో చేసినదనీ, శాల పని ప్రతిఫలం మాట్లాడుకొని చేసినదనీ రెండింటినీ కొట్టివేశాడు. అందుచేతనే పది పనులు పన్నెండైనవట. ఆడిట్ వారి అభ్యంతరాలకు ఇంత పూర్వచరిత్ర ఉన్నదని నాకు తెలియదు.

నవ్వుకొన్నాను గాని ఒక సంగతి గుచ్చుకొన్నది. ఇరవై ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కర్మాగారంలో బూడిద కాలువ పూడిపోతే, మనుషులను దింపి తోడించడానికి బదులు పంపుల నీటిని మళ్ళించి కడిగించాము. ప్రశంసాపత్రం నాకు వచ్చింది. ఆలోచన నాది కాదు, ఒక ఫిట్టరుది. నివేదికలో అతని పేరు లేదు, అతని పదవీ విరమణ సభలో కూడా నేను ఆ మాట అనలేదు. తిరిగి వచ్చిన తరువాత ఫోను చేశాను. "ఇప్పుడెందుకు సార్, పేరు వేయకండి" అన్నాడు. కనుక వేయుట లేదు.

రాత్రి తొమ్మిదింటికి తూర్పున నక్షత్రాలు స్పష్టంగా కనిపించాయి. గ్రీకులు హైడ్రా తలగా గుర్తించిన చుక్కలే మన ఆశ్లేష. దానికి మనవారు చెప్పిన అధిదేవతలూ సర్పాలే. కాలు పట్టిన పీత ఆ ప్రక్కనే కర్కాటకమై ఉన్నది. మా ఆవిడది ఆశ్లేషా నక్షత్రమే. అత్తగారికి ఆగదని పెళ్ళిచూపులనాడు పెద్దలు సందేహించారు. మా అమ్మ ఎనభై ఆరేళ్ళు నిక్షేపంగా జీవించింది.

మేము లేచేసరికి పోటు మొదలైంది. పెద్దాయన పడవను మరికొంచెం పైకి లాగుతున్నారు. నేనూ ఒక చేయి వేశాను.