గుంపు లేని ప్రయాణము

విదేశములను చూడగోరువారు రెండు విధములుగా బయలుదేరుదురు. కొందరు యాత్రాసంస్థకు సొమ్ము చెల్లించి, అది కూర్చిన జట్టులో కలసిపోవుదురు. వారి టిక్కెట్టు, బస, భోజనము, చూడవలసిన స్థలములు అన్నియు ఇతరులే నిర్ణయింతురు. ఇందు సౌకర్యము కలదు. మరికొందరు తమ దారిని తామే ఏర్పరచుకొందురు. వీరికి స్వేచ్ఛ హెచ్చు. దానితోపాటు బాధ్యతయు హెచ్చు. జట్టునాయకుడు చేయు ఆలోచన యంతయు వీరు ఇంటియొద్దనే చేసికొనవలెను.

ఇట్టి ముందుచూపునకు తెలుగువారిలో మంచి ఉదాహరణము ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసెను. 1830 మే 18న పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. నాడు మన దేశమున రైళ్లు లేవు. కంపెనీ ఏలుబడి విడిచి నిజాము సీమలోని హైదరాబాదునకు, అచటినుండి భోంసలేల నాగపురమునకు ఆయన సాగిపోయెను. ఏలికలు మారిన కొలదియు పద్ధతులును మారుచుండెను. ఏ యూర నీరున్నది, ఏ యంగడిలో సరకులు దొరకును, ఏ త్రోవ కఠినము అను సంగతులను ఆయన శ్రద్ధగా వ్రాసి, మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు పంపెను. అవియే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యెను.

నేటి యాత్రికునకు డేరాలు మోయువారు అక్కరలేదు. అయినను బస యెచ్చట, త్రోవ యెట్టిది, చేతిలోని సొమ్ము చాలునా అను ప్రశ్నలు నాటివే.

హైదరాబాదు తూర్పు భాగమున, మూసీనది చేరువనున్న అంబర్‌పేటలో ఒక మధ్యతరగతి కుటుంబము కలదనుకొనుడు. తల్లి, తండ్రి, నానమ్మ, ఎనిమిదవ తరగతి చదువు బాలిక. మూడేండ్లు కూడబెట్టిన సొమ్ముతో వారు శ్రీలంకను చూడదలచిరి. “తెలియని దేశమునకు తోడు లేక పోవుదురా?” అని బంధువులు వారించిరి. ఆ మాటలో కొంత నిజము కలదు. ఒక్క పొరపాటు జరిగినను మూడేండ్ల పొదుపు వ్యర్థము కావచ్చును. అందుచేత వారు ఆరు నెలల ముందే పని మొదలిడిరి.

మొదట పాస్‌పోర్టులను పరిశీలించిరి. పెద్దల పాస్‌పోర్టు 10 సంవత్సరములు చెల్లును. పిల్లలది సాధారణముగా 5 సంవత్సరములే. గడువు ఇంకను ఆరు నెలలు మిగిలియుండవలెనని పెక్కు దేశములు కోరును. బాలిక పాస్‌పోర్టు గడువు దగ్గరపడినట్లు అప్పుడు తెలిసినది. ముందుగా చూచుకొనకున్నచో విమానాశ్రయముననే వారి యాత్ర ముగిసియుండెడిది. వీసా నియమములు తరచుగా మారునవి గనుక, వానిని ఆ దేశప్రభుత్వపు ప్రకటనలనుండియే తెలిసికొనిరి.

తరువాత కాలనిర్ణయము. శ్రీలంకకు రెండు ఋతుపవనములు కలవు. నైరుతి భాగమున మే మొదలు సెప్టెంబరు వరకును, ఈశాన్య భాగమున సంవత్సరాంతమునను వర్షములు మెండు. కొలంబో, క్యాండీ నగరములు చూచుటకు సంక్రాంతి సెలవులు తగినవని తేలినది. అచట ప్రతి పున్నమియు ‘పోయ’ అను సెలవుదినము. ఆనాడు పెక్కు కార్యాలయములు, అంగళ్లు మూసియుండును. ఈ విషయము చదివి నానమ్మ గోడమీది పంచాంగమును దింపి, పున్నమి తిథిని గుర్తించినది. విదేశయాత్రకు పంచాంగము ఇట్లు తోడ్పడినది!

క్యాండీని ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. 1739 నుండి 1815 వరకు ఆ రాజ్యమును ఏలిన నాయక రాజులు మధుర ప్రాంతమునుండి పోయిన తెలుగు మూలమువారు. కడపటి రాజు శ్రీ విక్రమరాజసింహుని ఆంగ్లేయులు పట్టి, వేలూరు కోటలో నిర్బంధించిరి. ఆయన 1832లో అచటనే మరణించెను. ఈ చరిత్ర తెలిసి పోవువానికి క్యాండీ పరాయి ఊరుగా తోచదు.

అయిదవ శతాబ్దపు సిగిరియా శిలాదుర్గమును చూడవలెనని బాలిక పట్టుపట్టినది. పైకి పోవుటకు దాదాపు 1200 మెట్లు కలవు.

“నానమ్మా, నీవు ఎక్కగలవా?”

“నా మోకాళ్లు ఒప్పుకొనవు తల్లీ. నా కొఱకు నీవు మానవద్దు.”

బాలిక కొంతసేపు ఆలోచించి, పట్టికలోనుండి మరియొక నగరమును కొట్టివేసినది. అట్లు మిగిలిన దినమును సిగిరియాకే కేటాయించిరి. ఎండ ముదరకముందే తల్లియు బాలికయు మెట్లెక్కుటకును, నానమ్మ కుమారునితో దిగువనున్న ప్రాచీనోద్యానమున తీరికగా తిరుగుటకును ఏర్పాటైనది. గడియారముతో పరుగిడు జట్టులో ఇట్టి వెసులుబాటు దుర్లభము.

ఇక జాగ్రత్తలు. పాస్‌పోర్టు నకళ్లను వేరొక సంచిలో ఉంచి, ఒక ప్రతిని బంధువులయింట విడిచిరి. కొలంబోలోని భారత హైకమిషన్ చిరునామాను నలుగురును వ్రాసికొనిరి. సొమ్మును ఒకేచోట ఉంచక, అనారోగ్యము మొదలైన ఆపదలకై కొంత ప్రత్యేకించి, ప్రయాణబీమా తీసికొనిరి. నమస్కారమునకు ‘ఆయుబోవన్’ అనవలెననియు, ఆలయములలో పాదరక్షలు విడిచి, బుద్ధవిగ్రహమునకు వీపు త్రిప్పి ఫొటో తీయించుకొనరాదనియు తెలిసికొనిరి.

ఒక ఆదివారము తండ్రి బాలికకు నగరపటమునిచ్చి, “నేడు నీవే మాకు దారి చూపవలెను” అనెను. ఆమె అందరిని ఉప్పల్ మెట్రోస్టేషనునకు చేర్చి, అచటినుండి హైటెక్ సిటీకి తీసికొనిపోయి, మరల ఇంటికి చేర్చినది. బంధువుల భయమునకు ఆ దినమున సగము సమాధానము లభించినది.

స్వతంత్రయాత్ర యనగా ఎవరి సాయమును కోరకుండుట కాదు. అడుగవలసినది ముందుగా అడిగి, తోడివారి శక్తిని ఎరిగి, అనుకొననిదానికి కొంత సొమ్మును, కొంత కాలమును విడిచియుంచుటయే దాని లక్షణము. ఈ అభ్యాసము కలవానికి విదేశయాత్రలోనే కాక, జీవితమున తలపెట్టు ప్రతి కార్యమునందును ధైర్యము చేకూరును.