హుద్‌హుద్‌లో పోయిన స్ట్రెయిన్

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకేనాటికి నా పీహెచ్‌డీ అంతా ఒక ఫ్రీజర్‌లో, ఒక ఫ్రిజ్‌లో ఉంది. పాడేరు పసుపు దుంపల లోపలి నుంచి తీసిన బ్యాక్టీరియా. మొక్కలోనే కాపురముంటూ దానికి ఏ తెగులూ తేని రకాలవి. దుంపను ఆల్కహాల్‌తో, సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, ఆఖరున కడిగిన నీళ్లను కూడా ప్లేటులో వేసి చూడాలి. అందులో ఏమీ పెరగకపోతేనే మనం తీసినవి లోపలివని నమ్మకం.

వాటిలో ఒకటి నాకు ప్రాణం. స్టార్చ్ ప్లేటు మీద అయోడిన్ పోస్తే అంతా నల్లనీలం, దాని చుట్టూ మాత్రం వెడల్పాటి తేట వలయం. అది వదిలే అమైలేజ్ స్టార్చ్‌ని అంతగా కరిగించేది. మిల్లుల్లో బట్టకు పట్టిన గంజి వదిలించేది ఈ జాతి ఎంజైమే.

తుఫాను వెలిశాక ఊరంతా కరెంటు లేదు. పడిపోయిన చెట్ల మీదుగా ఎక్కి దిగి ల్యాబ్‌కి చేరాను. ‘‘జనరేటర్‌కి డీజిల్ లేదమ్మా, ఎక్కడా దొరకట్లేదంతన్నారు’’ అన్నాడు వాచ్‌మన్. ఐసు కోసం తిరిగాను. పాలకే జనం బారులు తీరిన రోజులు, ఐసెవరిస్తారు?

ఫ్రీజర్ తలుపు సందు నుంచి నీళ్లు కారుతున్నాయి. ట్యూబుల మీది లేబుళ్లు నాని ఊడొచ్చాయి. ఫ్రిజ్‌లో, అమ్మోనియం సల్ఫేట్‌తో దించి ఉప్పు పోవడానికి డయాలసిస్ సంచిలో కట్టిన ఎంజైమ్ తెల్లగా విరిగి, ముక్కు మూసుకునేంత కంపు. నెలల కష్టం సింకులో పోస్తుంటే ఏడుపు ఆగలేదు.

కరెంటొచ్చాక ప్రతి ట్యూబునీ ప్లేటు మీద గీశాను. బ్యాసిల్లస్ రకాలు లేచాయి, వాటికి ఇలాంటివి తట్టుకునే స్పోర్లుంటాయి. నాది స్పోర్లు కట్టే రకం కాదు. గడ్డకట్టినప్పుడు కాపాడే గ్లిసరాల్‌లో ఉన్నా బతకలేదు.

‘‘ఉన్నవాటితో రాసెయ్యమ్మా’’ అన్నారు మా గైడ్ మేడమ్. మనసొప్పక పాడేరు వెళ్లాను. సిల్వర్ ఓక్‌లు కూలి కాఫీ తోటల మీద పడున్నాయి. అంత నష్టంలోనూ అక్కడి రైతమ్మ ఒకామె ‘‘దుంప ఇంకా ఊరలేదమ్మా’’ అంటూనే ఒక దుబ్బు తవ్విచ్చింది. డబ్బులు పుచ్చుకోలేదు. అందులో చాలా బ్యాక్టీరియా దొరికాయి గానీ, అది దొరకలేదు.

థీసిస్ బ్యాసిల్లస్ మీదే రాశాను. పట్టికలో మాత్రం పోయినదానికీ ఒక వరుస ఉంది: వలయం కొలత, మిగతా గడులన్నీ ఖాళీ. తీసెయ్యమన్నారు. తీయలేదు.