మడి పట్టేంత నీరు

ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు సంపాదకవర్గం మిత్రులు ఒక షరతు పెట్టారు: "కంప్యూటర్ల గురించే రాయి, కాని ఆర్ట్స్ వాళ్లకు కూడా అర్థం కావాలి." షరతు న్యాయమైనదే. నేను చదివేది సైన్సు, పుట్టింది రైతు ఇంట్లో. కాబట్టి కాలువ నీళ్ల భాషలోనే చెబుతాను.

కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే రాతపద్ధతుల్లో జేసన్ ఒకటి. 2000 దశకం మొదట్లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పేరు, దాని పక్కన విలువ. మన పద్దుపుస్తకం లాంటిదే. సరుకు మిర్చి, మార్కెట్ గుంటూరు, ధర ఇంత అన్నట్టు. పద్దులు ఎన్ని ఉన్నా చదరపు బ్రాకెట్ల మధ్య వరసగా ఉంటాయి. సర్వర్ దగ్గరికి వెళ్లి వీటిని అడిగి మోసుకొచ్చేది హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీ. మామూలు పద్ధతిలో అయితే అది మొత్తం వచ్చేదాకా ఆగి, మెమొరీలో కుప్పపోసి, ఆఖరి బ్రాకెట్ పడ్డాక మన చేతికిస్తుంది. చిన్న జవాబులకు ఇది చాలు, సులువు కూడా. పెద్దదయితేనే చిక్కు.

ఈ చిక్కు నాకు పాఠ్యపుస్తకంలో ఎదురుకాలేదు. పోయిన వేసవిలో మా మిర్చి టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. అప్పుడే అమ్మాలా, ఇంకో రెండు నెలలు ఆగాలా అని ఇంట్లో రోజూ చర్చే. ఆగితే అద్దె, అప్పు మీద వడ్డీ. అమ్మాక రేటు పెరిగితే గుండెకోత. అంతకుముందే మేం ముగ్గురు మిత్రులం కొన్నేళ్ల మార్కెట్ ధరలు పోగుచేసి ల్యాబు సర్వర్‌లో ఒకే జేసన్ ఫైలుగా పెట్టి ఉన్నాం. దాదాపు 600 మెగాబైట్లు. నా దగ్గరున్నదేమో అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్, మెమొరీ 2 జీబీ. పైగా ఆ రాతను ప్రోగ్రాము వాడుకునే రూపంలోకి మారిస్తే ఫైలు కంటే ఎక్కువ చోటే పడుతుంది. సంగతి నాన్నకు చెబితే, "అన్ని నీళ్లు ఒక్కసారే వదిలితే ఏ గట్టు ఆగుద్దిరా? మడి పట్టేంతే తూము ఎత్తాల" అన్నాడు.

సరిగ్గా ఆ మాటనే నెట్‌ఫ్లిక్స్, పివోటల్, టైప్‌సేఫ్ సంస్థల ఇంజనీర్లు 2013 చివర్లో నియమంగా రాయడానికి పూనుకున్నారు. అదే రియాక్టివ్ స్ట్రీమ్స్. 2015లో 1.0 ప్రమాణం వెలువడింది. 2017లో జావా 9లో 'ఫ్లో' పేరుతో చేరింది. 2018లో జావా 11తో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింట్ జవాబును ఈ పద్ధతిలోనే ముక్కలుగా అందిస్తుంది. ఇచ్చేవాడు పబ్లిషర్, పుచ్చుకునేవాడు సబ్‌స్క్రైబర్, ఇద్దరి మధ్య ఒప్పందం సబ్‌స్క్రిప్షన్. పుచ్చుకునేవాడు 'రిక్వెస్ట్' అని ఒక అంకె చెబుతాడు. ఇచ్చేవాడు అంతకుమించి ఒక్క ముక్క కూడా పంపకూడదు. మనం అడగడం మానేస్తే క్లయింట్ సాకెట్‌లోంచి చదవడం ఆపుతుంది. దాంతో టీసీపీ మనకు కేటాయించిన జాగా నిండిపోతుంది, అవతలి యంత్రం పంపడం ఆపక తప్పదు. ఇక్కడ మడవ కడితే ఆ కబురు అక్కడి తూముదాకా చేరినట్టన్నమాట.

అయితే నీటికీ జేసన్‌కూ ఒక తేడా ఉంది. నీటిని ఎక్కడ తెంపినా నీరే. జేసన్ అట్లా కాదు. ముక్కలు పద్దు మధ్యలో తెగవచ్చు, అంకె మధ్యలో తెగవచ్చు: 18500లో 185 ఒక ముక్కలో, రెండు సున్నాలు మరో ముక్కలో! అక్షరం మధ్యలో కూడా తెగుతాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. 'మిర్చి' మన నోటికి రెండక్షరాలే గాని యంత్రానికి 6 సంకేతాలు, 18 బైట్లు. అందుకని సగంలో ఆగి మిగతాదాని కోసం కాచుకునే పార్సర్ కావాలి. జాక్సన్ అనే లైబ్రరీలో 2017 నాటి 2.9 నుంచి అటువంటిది ఉంది. బైట్లు చాలకపోతే 'ఇంకా అందలేదు' అనే గుర్తు ఇచ్చి ఊరుకుంటుంది. ఒక పద్దు పూర్తి కాగానే దాని ధరను ఆ నెల మొత్తంలో కలిపి, పద్దును వదిలేయవచ్చు. చేతిలో ముక్క అయిపోతే ఇంకోటి అడగవచ్చు. ఎంత పెద్ద ఫైలయినా మెమొరీలో ఉండేది కాసిని ముక్కలు, పన్నెండు నెలల లెక్కలు, అంతే. అలా రాసిన ప్రోగ్రాము ఆ పాత ల్యాప్‌టాప్ మీదనే నడిచింది.

మొదటి రాత్రి సగం దాటాక నెట్ తెగిపోయింది. తెరమీద సరాసరులు మాత్రం కనబడుతూనే ఉన్నాయి. నాన్న మంచం మీద లేచి కూర్చుని, "ఎంతొచ్చిందిరా?" అన్నాడు. కనబడే అంకె చదివి చెప్పడం తేలికే. కాని ఫైలు పాత సంవత్సరాల నుంచి మొదలవుతుంది. ఈమధ్య ధరలు ఇంకా రానేలేదు. పూర్తయిందని చెప్పే 'ఆన్‌కంప్లీట్' బదులు 'ఆన్‌ఎర్రర్' వచ్చింది. ప్రవాహంలో ఉన్న ప్రమాదమే ఇది. మొత్తం అందుతుందో లేదో తెలియకముందే అందినదాన్ని వాడటం మొదలుపెడతాం. కుప్పపోసే పద్ధతిలో ఈ బెడద లేదు. "ఇంకా పూర్తి కాలేదు నాన్నా" అన్నాను. "అయితే కాటా అయినాకనే చెప్పు" అని పడుకున్నాడు. మర్నాడు పూర్తయింది. లెక్కలు చూసి సగం టిక్కీలు అమ్మాడు, సగం ఉంచాడు. నిరుటి రేటు రేపటి రేటుకు పూచీ కాదని నాకంటే ఆయనకే బాగా తెలుసు.

మా పొలం కాలువ చివర ఉంది. అందుకని ఒక మాట దాచకుండా చెప్పాలి. అడిగినంత తప్పక వస్తుందని రియాక్టివ్ స్ట్రీమ్స్ కూడా పూచీ ఇవ్వదు. అడిగినదానికంటే ఎక్కువ మీద పడదన్నంత వరకే దాని హామీ. చివరి మడికి నీరందని కష్టాన్ని ఏ లైబ్రరీ తీర్చలేదు. అయినా, పుచ్చుకునేవాడి తాహతు చూసి ఇచ్చేవాడు నడుచుకోవాలి అన్న మాటను ఎవరో కూర్చుని నియమంగా రాశారంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

కొత్త యంత్రం కొనలేని మిత్రులు మన కళాశాలలో చాలామందే ఉన్నారు. పాతదానితో ఏం చదువుతాం అని వాళ్లు వెనకాడకూడదు. ఆ ప్రోగ్రాము ల్యాబులో ఉంది. కావలసినవారు వస్తే కూర్చుని చూపిస్తాను.

— తృతీయ సంవత్సరం, బి.ఎస్సీ.